సీసం బిళ్ళ

లారీ ఇంజను ఆపలేదు. ఆపితే మళ్ళీ అంటుకోదేమోనని డ్రైవరు భయం. ఆ పొగంతా నేరుగా షెడ్డులోకే వస్తోంది. షెడ్డుకు కిటికీలు లేవు, ఉండకూడదని రూలు. ఉన్న ఒక్క పెద్ద తలుపుకూ లారీ వీపు ఆనించి పెట్టారు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ చెమటకు తడిసి మూతికి అంటుకుపోతుంటే, సీలక్క వంచిన నడుము ఎత్తకుండా డ్రమ్ము తర్వాత డ్రమ్ముకు తీగ దూరుస్తోంది.

"కానీ అక్కా, కానీ! గని గేటు మూసేశారంటే ఈ సరుకు పక్కన రోడ్డుమీద పడుకోవాల్సింది నేను," అని డ్రైవరు బయటినుంచి అరిచాడు.

"పడుకో. ఇన్నేళ్ళూ మేం పడుకోవట్లేదూ?" అంది సీలక్క తల ఎత్తకుండానే. కార్మికుల క్వార్టర్లు షెడ్డు వెనకగోడను ఆనుకునే ఉన్నాయి మరి.

ఆ షెడ్డుకు వచ్చేదంతా అణు కర్మాగారం చెత్త. మసిగుడ్డలు, విరిగిన పైపులు, వాడేసిన ఫిల్టర్లు, చేతి గ్లవుజులు. చూడడానికి ఏ కార్ఖానా వెనక చూసినా కనిపించే చెత్తే. కాని కంటికి కనపడని మంట ఒకటి అందులో ఉంటుంది. దాన్ని ముట్టుకున్నవాడు పోయినా, వాడి మునిమనవలు పోయినా, ఆ మంట చల్లారదు. అందుకని దాన్ని డ్రమ్ముల్లో కుక్కి, నంబరు వేసి, లారీ ఎక్కించి, ఒకప్పుడు ఉప్పు తవ్వుకున్న గనిలోకి దింపేస్తారు. ఒక్కో అర నిండగానే సిమెంటుతో మూసేస్తారు. కిందికి పోయినదాన్ని పైకి తెచ్చే దారి ఉండదు. తేకూడదనే గదా అంత లోతుకు దింపడం.

దింపేముందు ప్రతి డ్రమ్మూ సీలక్క చేతిమీదుగా పోవాలి. మూత చుట్టూ ఇనుప రింగు ఉంటుంది. రింగు రెండు కొసలకూ రెండు చెవులు. ఆ చెవులు ఒకదానికొకటి తగిలేదాకా బోల్టు బిగించి, వాటి కన్నాల్లోంచి సన్నటి తీగ దూర్చి, తీగ కొసలు సీసం బిళ్ళలో పెట్టి పటకారుతో నొక్కాలి. అదే సీలు. పటకారు పళ్ళమీద ఆమె నంబరు చెక్కి ఉంది. ఆ నంబరు బిళ్ళమీద పడిందంటే ఇక ఆ తీగను తెంచే హక్కు సర్కారు నియంత్రణ ఆఫీసునుంచి వచ్చే ఆఫీసరుకు తప్ప ఎవరికీ లేదు. షెడ్డులో ఎవరన్నా తెంచితే జైలే, కంపెనీకి లైసెన్సు పోవడమే. అక్కడ మిగతా రూళ్ళన్నీ అవసరాన్ని బట్టి అటూ ఇటూ వంగేవి. ఇదొక్కటి మాత్రం వంగేది కాదు.

ఆ సంగతి షెడ్డు మొత్తానికి తెలిసింది కూడా ఆమె వల్లే. పనిలో చేరిన కొత్తలో ఒకరోజు కరెంటు పోయింది. ఆ మసక చీకట్లో ఆమె రింగు చెవులతో పాటు ట్రాలీ పిడిలోంచి కూడా తీగ దూర్చి నొక్కేసింది. డ్రమ్మూ ట్రాలీ ఒకటైపోయాయి. పళ్ళతో కొరికినా తెగే తీగ అది. అయినా తెంచే మొనగాడేడీ? సూపర్వైజరు కటింగ్ ప్లయరు చేతపట్టుకుని దాని చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఉసూరుమంటూ ఆఫీసరుకు ఫోను చేశాడు. ఆయన తీరిక చేసుకుని వచ్చేసరికి వారం పట్టింది. ఆ వారమంతా ఉన్న ఒక్క ట్రాలీ డ్రమ్ముకు కాపలా కాసింది, మనుషులు డ్రమ్ముల్ని చేతుల్తో దొర్లించుకుని చచ్చారు. "సీలక్కా, నా దగ్గరికి రాకు, నన్నూ దేనికో దానికి కట్టేస్తావ్" అని నవ్వని మనిషి లేడు. అప్పటినుంచీ ఆమె పేరు సీలక్కే. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు ఆమె మొగుడు.

ఇప్పుడతను నవ్వడం మానేశాడు.

"ఇదొక్కటే వదినా. ఆఖరుది."

ట్రాలీ తోసుకొచ్చినవాడు ఆమె మొగుడికి జోడీ. డ్రమ్ము నింపే పని ఎప్పుడూ ఇద్దరిద్దరు చెయ్యాలి. ఏళ్ళతరబడి వాళ్ళిద్దరూ ఒకే డ్రమ్ములో చేతులు పెట్టి పనిచేశారు. సొంత మరిది ఉన్నా ఇంత చనువు ఉండేది కాదేమో. అలాంటివాడు ఇవాళ ఆమె మొహం చూడకుండా, డ్రమ్ము దించేసి ట్రాలీ పిడి తుడుచుకుంటున్నాడు. తుడవడానికి ఆ పిడికేం అంటలేదు.

సీలక్క బోల్టు బిగించింది. చెవులు కలవలేదు. ఇంకా బిగించింది. వేలెడు ఎడం అలాగే ఉండిపోయింది. ఏదో అడ్డం పడుతోందని రింగు చుట్టూ చూసింది.

మూతకూ రింగుకూ మధ్య గుడ్డ ఇరుక్కుని ఉంది. నీలం గళ్ళ గుడ్డ. అంచుకు ఎర్రదారంతో వెనక్కి వెనక్కి వేసిన కుట్టు.

ఆమె పటకారు కింద పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించుకుని, అలా చూస్తూ ఉండిపోయింది. ఆ కుట్టు తనదే. ఆ రోజు నీలందారం అయిపోతే ఎర్రది ఎక్కించుకుంది. "దుప్పటి చింపి నా చేతులకు కప్పావు సరే, చలికాలం నన్ను దేంతో కప్పుతావే?" అన్నాడు మొగుడు, ఆ గుడ్డ గ్లవుజులు తొడుక్కుని చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ. ఆమెకు అప్పుడు చెప్పలేనంత గర్వంగా అనిపించింది. వేళ్ళన్నీ కొలిచినట్టు సరిపోయాయి మరి.

రబ్బరు గ్లవుజులు ఇవ్వాల్సింది కంపెనీయే. స్టోరులో దొంతరలు దొంతరలుగా ఉన్నాయి కూడా. చిరిగిన జత తెచ్చి చూపిస్తేనే కొత్త జత ఇస్తానంటాడు స్టోరు గుమాస్తా. దుబారా జరక్కుండా కంపెనీ పెట్టిన ఏర్పాటు అది. షెడ్డు రూలు చూస్తే, లోపల తొడిగిన గ్లవుజు గుమ్మం దాటకూడదు. అదీ చెత్తే గనక, ఆఖరున దాన్ని కూడా డ్రమ్ములో వేసి మూత పెట్టాలి. డ్రమ్ములో వేసినదాన్ని స్టోరులో చూపించడం ఎలాగో రూళ్ళు రాసినవాళ్ళను ఎవరూ అడగలేదు. అడిగితే పని అక్కర్లేదా అంటారు. అందుకని క్వార్టర్లలో ప్రతి ఇంటి ఆడమనిషీ పాత దుప్పట్లు, కర్టెన్లు, చొక్కాలు చింపి మొగవాళ్ళకు గ్లవుజులు కుట్టడం నేర్చుకుంది. సూపర్వైజరు వాటిని రోజూ చూసేవాడు. చూసి ఒకసారి, రంగు బావుందయ్యా అని కూడా అన్నాడు.

పోయిన చలికాలం ఒక ఫిల్టరు వచ్చింది. ట్యాగు మీద 'పొడి' అని ఉంది. మొగుడు ఎత్తేసరికి లోపలినుంచి నీళ్ళు కారి, గుడ్డ నానిపోయింది. రబ్బరయితే జారిపోయే నీళ్ళు గుడ్డలో నిలిచి, చేతులను పట్టుకున్నాయి. జోడీ గబగబా ఆ గ్లవుజులు లాగేసి, డ్రమ్ములో పారేసి, మూత కొట్టేశాడు. సాయంత్రానికి చేతులు ఎర్రబడ్డాయి. ఆ వారం తిరక్కుండా తోలు ఊడింది. ఆ నెలలోనే షెడ్డులో అందరికీ అడక్కుండానే కొత్త రబ్బరు గ్లవుజులు పంచారు. సీలక్క చేతులకు ఇప్పుడున్నవి అవే.

విచారణ జరిగింది. కంపెనీ తరఫున సూపర్వైజరు మాట్లాడాడు. రబ్బరు గ్లవుజులు ఇచ్చామని, ఉక్కపోసి అతనే విప్పేశాడని చెప్పాడు. ఉక్కపోత చలికాలంలో! ఆ డ్రమ్ము అప్పుడే గనిలోకి వెళ్ళిపోయిందని కంప్యూటరులో నంబరు తీసి మరీ చూపించాడు. నియంత్రణ ఆఫీసరు చెడ్డవాడు కాదు. ఆమెను కుర్చీలో కూచోమని, "మీరు కుట్టారంటున్న గ్లవుజులు ఎక్కడున్నాయమ్మా?" అని మెల్లగానే అడిగాడు.

"ఆ డ్రమ్ములోనే ఉన్నాయి సార్."

"డ్రమ్ము గనిలో ఉందంటున్నారు గదా. చూడందే నేనేం రాస్తాను? ఈ నెలాఖరుకు ఫైలు మూసెయ్యాలి. ఏదన్నా దొరికితే చెప్పండి, వెంటనే వస్తాను."

తప్పు కంపెనీదని ఆయన రాస్తేనే కంపెనీ ఖర్చుతో పెద్దాసుపత్రిలో వైద్యం. అక్కడ తొడమీది తోలు తీసి చేతులకు అతికిస్తారట. అది జరక్కపోతే వేళ్ళు ఒక్కొక్కటే నల్లబడతాయని, తీసెయ్యాల్సి వస్తుందని, కట్లు మార్చే డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు. నెలాఖరు ఎంతో దూరం లేదు. కుడిచేతి చిటికెనవేలు కొస అప్పుడే రంగు మారింది. ఆ సంగతి అత్తగారికి తెలియకుండా సీలక్క తనే కట్టు కడుతోంది.

గనిలోకి పోయిందన్న డ్రమ్ము ఇదిగో, ఆమె మోకాళ్ళ ముందు కూచుని ఉంది. కొత్త నంబరు, కొత్త తేదీ. నింపినవారి నంబరు చోట జోడీ నంబరు.

"ఇది మీ అన్నది కదూ?" అంది సీలక్క.

అతను ట్రాలీ పిడి తుడవడం ఆపలేదు.

"నిన్నే. ఈ ట్యాగు మీద నీ నంబరుందేం?"

"వెయ్యమన్నారు, వేశాను. నన్నడక్కు వదినా." గొంతు తగ్గించాడు. "వెనకగదిలో గోనెలకింద పెట్టారు ఇన్నాళ్ళూ. తెరవాలంటే భయం, పంపాలంటే భయం. వచ్చేవారం ఏటా చేసే తనిఖీ. గది ఖాళీ చెయ్యాలి గదా."

"అయితే నీకు తెలుసు. విచారణ నాడు కూడా తెలుసు."

"తెలుసు." అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆ గ్లవుజులు అన్న చేతులనుంచి లాగింది నేనే గదా. ఆ తడి నాకు అంటలేదు, అంతే తేడా. నోరు తెరిస్తే రేపు నన్ను గేటు బయట నిలబెడతారు. ఇంట్లో పిల్లల మొహాలు చూస్తే మాట పెగల్లేదు వదినా."

అతన్ని తిడదామనుకుంది. కాని తన మొగుడే అతని చోట ఉంటే ఏం చేసేవాడో ఆమె గట్టిగా చెప్పలేకపోయింది.

"ఏమ్మా, ఆఖరుదాని దగ్గర నిద్రపోయావా?" అంటూ సూపర్వైజరు వచ్చాడు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

"రింగు పడట్లేదండి."

ఆయన వంగి చూశాడు. గుడ్డ పీలిక చూశాడు, కుట్టు చూశాడు. జేబులోంచి బ్లేడు తీసి ఆమె చేతికిచ్చాడు. "కనిపించేంత మేరా కోసెయ్. కోసి బిగించు."

"ఇది గనిలోకి పోయిందన్నారు గదండీ. ఆఫీసరుగారికి కంప్యూటరులో చూపించారు."

సూపర్వైజరు చుట్టూ చూశాడు. లోడింగు వాళ్ళు దూరంగా డ్రమ్ముల మీద ఆనుకుని నిలబడ్డారు. ఆయన ఆమె పక్కనే గొంతుక్కూచున్నాడు. అరవడం కంటే అలా గొంతుక్కూచోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"నంబరు పోయిందమ్మా. నంబరు పోయింది, డ్రమ్ము ఉండిపోయింది. పైవాళ్ళు చెప్పారు, నేను చేశాను. నా నెత్తిమీద ఎవరూ లేరనుకుంటున్నావా?"

"లోపల తడి ఫిల్టరుందండి. తడిది కిందికి పంపకూడదు. అక్కడ డ్రమ్ము తుప్పుపట్టి కారిందంటే..."

"ఎప్పుడు కారుతుంది? నువ్వూ ఉండవు, నేనూ ఉండను." ఆమె చేతిలో బ్లేడువైపు చూశాడు. "ఇంకోటి ఆలోచించు. ఈ గుడ్డ ఎవరు కుట్టారు? నువ్వే. అనుమతి లేని గుడ్డ లోపలికి పంపింది నువ్వు. మూత తీస్తే మొదటి కేసు నీ మీద. తర్వాత తొడుక్కున్నందుకు మీ ఆయన మీద. తర్వాత ట్యాగు రాసినందుకు వీడి మీద. మీ ముగ్గురయ్యాక గాని నా దాకా రాదు. ఉద్యోగం పోతుంది, క్వార్టరు పోతుంది. ఆ చేతులు పెట్టుకుని ఆయన, వయసు మీదపడిన మీ అత్తగారు... ఏ గుమ్మం ముందు కూచోబెడతావ్ వాళ్ళని?"

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కుట్టింది తనే. తప్పు చేసినవాళ్ళు దాక్కోవడానికి తన కుట్టే తెర అయింది. ఎటు తిరిగినా గోడే తగులుతోంది.

"కానివ్వమ్మా," అన్నాడు లోడింగు వాళ్ళలో పెద్దాయన. "లారీ కదలకపోతే మాకు ఇవాళ సగం కూలే. మీ ఆయనకు జరిగింది అన్యాయమే, కాదనం. ఈ ఒక్క డ్రమ్ము ఆపితే ఆయన చేతులొస్తాయా?"

వస్తాయి, అందామనుకుంది. వేళ్ళన్నా మిగుల్తాయి. కాని వాళ్ళ మొహాలు చూసి ఊరుకుంది. పొద్దున్నించీ పొగ మింగుతూ నిలబడ్డ మొహాలు.

ఆ పొద్దున ఇంట్లో ఆమె మొగుడి నోటికి అన్నం అందించింది. అతను నాలుగు ముద్దలు తిని, చాలన్నాడు. ఇంకోళ్ళు తినిపిస్తే ఎంతటివాడికైనా తొందరగానే కడుపు నిండిపోతుంది. ఆమె చొక్కా బొత్తాలు పెడుతుంటే తల పక్కకు తిప్పుకుని అన్నాడు: "నా గురించి అక్కడ గొడవ పెట్టుకోకే. నువ్వన్నా పని చేసుకో. ఇంట్లో ఒక జత చేతులన్నా ఉండనీ."

ఆ మాటకు ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియని కోపం. బొత్తాం విసురుగా లాగితే ఊడి వచ్చింది. సాయంత్రం కుడతానని దాన్ని కొంగున ముడేసుకుని వచ్చేసింది.

ఇప్పుడు చెయ్యి తనంతట తనే ఆ ముడి తడిమి చూసుకుంది. బొత్తాం ఉంది.

"బ్లేడు వద్దండి," అని దాన్ని సూపర్వైజరుకు తిరిగి ఇచ్చేసింది. "ఇలాగే వేస్తాను సీలు."

"ఎలా వేస్తావు? ఎడం ఉంది గదా."

"తీగ కొంచెం పొడుగ్గా తీసుకుంటే పడుతుందండి."

ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "అదీ! అలా దారికి రా. గని దగ్గర వాళ్ళు బిళ్ళమీద నంబరు తప్ప చెవులు కలిశాయా లేదా అని చూడరులే." లేచి, మోకాళ్ళు దులుపుకుని, డ్రైవరుతో మాట్లాడడానికి తలుపు వైపు నడిచాడు.

"ఇక్కడ సరిగా కనపడట్లేదు," అంది సీలక్క జోడీతో. "ఆ స్తంభం దగ్గర దీపం కింద పెట్టు."

అతను డ్రమ్మును దొర్లించి ఇనుప స్తంభం పక్కన నిలబెట్టాడు. ఆమె చుట్టలోంచి తీగ లాగింది. లాగుతూనే ఉంది. ఒక డ్రమ్ముకు జానెడు తీగ చాలు. ఇది బారెడైంది. అతను తీగను చూశాడు, స్తంభాన్ని చూశాడు, ఆమె మొహం చూశాడు. పొద్దున్నించీ అతను ఆమె మొహం చూడడం అదే మొదటిసారి. రెండడుగులు జరిగి, తలుపుకూ ఆమెకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు.

ఆమె రెండు చెవుల్లోంచీ తీగ దూర్చింది. నీలం గుడ్డ కొస అలాగే బయటికి కనపడుతోంది. తీగను స్తంభం చుట్టూ తిప్పి, స్తంభానికున్న గొలుసు కొక్కెంలోంచి లాగి, మళ్ళీ చెవుల దగ్గరికి తెచ్చింది. కొసలు బిళ్ళలో పెట్టి, రెండు చేతులతో పటకారు నొక్కింది.

టక్కుమంది.

లోడింగు పెద్దాయన డ్రమ్ము ఎత్తుదామని వచ్చి, వంగి, వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. "ఓరి... ఇదేంటమ్మా, స్తంభానికి కట్టేశావ్?"

సూపర్వైజరు పరుగున వచ్చాడు. తీగ చూశాడు. బిళ్ళమీద నంబరు చూశాడు.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు?"

"పొరపాటైందండి," అంది సీలక్క. "ఇదివరకొకసారి కూడా అయింది గదా. అప్పుడు ఆఫీసరుగారొచ్చి తెంచారు. ఫోను చెయ్యండి, వస్తారు."

"పొరపాటా?"

"రాసుకోండి, పొరపాటనే రాసుకోండి. గుడ్డ కుట్టింది నేనేనని కూడా రాసుకోండి. ఆయనొచ్చి తెరిచినప్పుడు నేనే చెబుతాను, ఎందుకు కుట్టానో."

"ఎవరొచ్చి తెరుస్తారో చూద్దాం." ఆయన విసవిసా వెళ్ళి గోడకు వేలాడుతున్న కటింగ్ ప్లయరు తీసుకొచ్చాడు. ఒంగి, దాని నోట్లో తీగ పెట్టాడు.

జోడీ పక్కకు జరగలేదు. లోడింగు వాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. వాళ్ళు ఆమె పక్షాన వచ్చారని చెప్పలేం. సగం కూలి పోయినవాళ్ళు అది ఎలా పోయిందో చూడాలనుకుంటారు గదా. కాని వచ్చినవాళ్ళు వెళ్ళిపోలేదు, డ్రమ్ము చుట్టూ నిలబడి ఆ గుడ్డనూ ఎర్రదారాన్నీ చూస్తున్నారు. ఆ కుట్టు గుర్తుపట్టనివాడు వాళ్ళలో లేడు. అందరి ఇళ్ళల్లోనూ అదే కుట్టు.

"తెంచండి సార్," అంది సీలక్క. గొంతు పెద్దది చెయ్యలేదు. "అందరం చూస్తున్నాం."

బయట డ్రైవరు ఏమైందోనని లోపలికి తొంగిచూశాడు. చూసి, వెనక్కి వెళ్ళి, ఇంజను ఆపేశాడు. షెడ్డులో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. ప్లయరు నోట్లో తీగ సన్నగా మెరుస్తోంది. సూపర్వైజరు చెయ్యి దానిమీద బిగుసుకుని ఉంది, ఇంకా నొక్కలేదు.